ఇంగ్లీషు తరగతిలో తెలుగు నేరమా?

1

ఇంగ్లీషు గురించి మన పత్రికల్లో జరిగిన చర్చంతా మాధ్యమం చుట్టూనే తిరిగింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసినప్పుడూ, 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైనప్పుడూ మనం రెండు శిబిరాలుగా చీలి వాదించుకున్నాం. ఒక శిబిరం మాతృభాష అంది. ఇంకో శిబిరం అవకాశం అంది. రెండు మాటల్లోనూ నిజముంది. కాని తరగతి గది తలుపు తోసి లోపలికి తొంగిచూసినవాళ్ళు మాత్రం రెండు శిబిరాల్లోనూ తక్కువే. నల్లబల్ల ముందు నిలబడ్డ మేష్టారు ఆ నలభై అయిదు నిమిషాలూ ఏం చేస్తున్నాడు? వెనక బెంచీలో కూర్చున్న కూలివాళ్ళ పిల్లకు ఆ గంటలో ఏం దక్కుతోంది? ఈ ప్రశ్నలు మనకు సాహిత్యేతరంగా కనిపించాయి.

ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి బతికినవాణ్ణి. అంచేత ఈ వ్యాసంలో నా లెక్క కూడా కొంత అప్పజెప్పుకోవాలి. బోధనా పద్ధతి విమర్శకుడి పనేనా అని అడిగే మిత్రులుంటారు. ఆ పని తెలుగులో ఎప్పుడో మొదలైంది. మొదలుపెట్టినవాడు గురజాడ.

2

గిరీశాన్ని మోసగాడుగా, మాటకారిగా, సంస్కరణ ముసుగు వేసుకున్న అవకాశవాదిగా చాలాసార్లు విశ్లేషించుకున్నాం. ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా ఆయన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1909లో వచ్చిన 'కన్యాశుల్కం' రెండో కూర్పు తెరిచి చూడండి. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే వినాలని వెంకటేశం తల్లి ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ సంభాషణ మొదలుపెడతారు. ఒకరు పసిపిల్లల గేయంలో ముక్క అంటే మరొకరు వాచకంలో వాక్యం అంటారు. ఒకరు పద్యపాదం వల్లిస్తే మరొకరు క్షేత్రగణితంలో సూత్రమో, వ్యాకరణంలో బహువచన నియమమో అప్పజెబుతారు. తల్లి మురిసిపోతుంది. మనం నవ్వుతాం.

నవ్వు ఆగాక ఒక విషయం గమనించాలి. ఆ సంభాషణలో ఎక్కడా వ్యాకరణ దోషం లేదు. మన పరీక్షల ప్రకారం ఐతే ఇద్దరికీ మంచి మార్కులే రావాలి. తప్పు లేదు, అర్థమూ లేదు. ఒక మనిషి ఇంకో మనిషితో చెప్పదలచుకున్నది ఏదీ అందులో లేదు. గురజాడ ఎగతాళి చేసింది ఇంగ్లీషును కాదు, మాట నుంచి మనిషిని విడదీసే చదువును. అందుకే ఆ వెంటనే మేనమామ కరటకశాస్త్రి చేత అదే కుర్రాడికి తెలుగు పద్యం పరీక్ష పెట్టించాడు. పద్యం వస్తుంది, అర్థం రాదు. రోగం ఏ ఒక్క భాషదీ కాదని ఆయన అక్కడే తేల్చాడు.

ఆ తల్లి సంగతి కూడా ఆలోచించండి. ఆమె ముచ్చట తప్పు కాదు. తనకు అందని విద్య కొడుక్కి అందాలని కోరుకుంది. ఆ కోరికను సొమ్ము చేసుకున్నవాడిది తప్పు. ఈనాడు ఊళ్ళలో పసుపుపచ్చ బస్సు ఎక్కిస్తూ, అప్పు చేసి ఫీజు కట్టే తల్లిని చూసి 'ఇంగ్లీషు మోజు' అని వెక్కిరించే విమర్శకులు ఈ తేడా తెలుసుకోవాలి.

3

తెలుగులో వ్యావహారిక భాషోద్యమం కూడా బోధనా పద్ధతి మీద వచ్చిన ప్రశ్నతోనే అంకురించింది. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్స్, బడిలో చెప్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత ఎడం ఎందుకుందని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ, గురజాడనూ, గిడుగునూ కదిపింది. జీవద్భాషను జీవద్భాషగానే నేర్పాలన్న సూత్రం అక్కడ మనకు ఆయుధమైంది.

ఐతే అదే సూత్రం ఇంగ్లీషు తరగతికి వచ్చేసరికి వేరే రూపం ఎత్తింది. వ్యాకరణం వల్లించి వాక్యాలు అనువదించే పాతపద్ధతి మీద పందొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాలో తిరుగుబాటు వచ్చింది. దానిలోంచి ప్రత్యక్ష పద్ధతి పుట్టింది. వస్తువు చూపించి, చేత చేసి, మాట నేర్పాలన్నది దాని సారం. మంచిదే. మన దగ్గరికి వచ్చేసరికి చూపించడం పోయింది, నిషేధం మిగిలింది. తరగతిలో తెలుగు వినపడకూడదు.

ఈ నిషేధానికి సిద్ధాంత బలం 1961లో వచ్చింది. ఉగాండాలోని మకెరెరేలో ఇంగ్లీషు బోధన మీద కామన్వెల్తు దేశాల సమావేశం జరిగింది. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడే ఆదర్శ ఉపాధ్యాయుడు, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు, ఎంత ఎక్కువ నేర్పితే అంత మేలు, ఇతర భాషలు వాడితే ఇంగ్లీషు ప్రమాణం పడిపోతుంది: అక్కడ స్థిరపడ్డ నమ్మకాలు ఇవి. 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ తన 'లింగ్విస్టిక్ ఇంపీరియలిజం'లో ఈ అయిదింటినీ అయిదు భ్రమలుగా విడదీసి చూపాడు. వీటివల్ల లాభపడేదెవరు? ఆ దేశాల నిపుణులు, ఆ దేశాల ప్రచురణ సంస్థలు. పిల్లవాడి భాష తెలియకపోవడం పంతులుకు లోపం కావాలి. ఈ సిద్ధాంతంలో అది అర్హత అయింది! వలసపాలన పోయాక కూడా వలస మేష్టారి కుర్చీ ఖాళీ కాకుండా చూసిన సిద్ధాంతమిది.

4

ఇక నా లెక్క. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రైవేటు బడిలో పనిచేశాను. తెలుగు మాట దొర్లితే రూపాయి జరిమానా. వసూలు చేసే పని క్లాసు లీడరుది, లెక్క రాసే పని నాది. ఏడాది చివరికి ఆ పిల్లలకు ఇంగ్లీషు రాలేదు, మౌనం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు వినపడే నలుగురైదుగురు మాత్రమే నోరు విప్పేవాళ్ళు. జరిమానా కట్టినవాళ్ళందరూ ఆ ఇంగ్లీషు వినపడని ఇళ్ళవాళ్ళే. నిషేధం అందరికీ సమానంగానే ఉండేది, శిక్ష మాత్రం ఒక వర్గానికే పడేది.

తర్వాత వరంగల్లు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్ళాను. అక్కడ దీనికి తలకిందులుగా చేశాను. పాఠంలో ఒక వాక్యం చదవడం, దానికి తెలుగులో ఉపన్యాసం ఇవ్వడం, చివర గైడులోని జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనడం. పిల్లలు నన్ను ఇష్టపడ్డారు. పాసయ్యారు కూడా. ఇంగ్లీషు మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది. తెలుగు వాడితే చాలు ప్రజాస్వామ్యమైపోతుందని నేననుకున్నాను. గిరీశం నాలోనూ ఉన్నాడని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తెలియజేసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. వారం రోజులు బడికి రాలేదు. వాళ్ళ నాన్న పత్తి చేనులో మందు కొడుతూ పడిపోయాడు. బతికాడు. తిరిగివచ్చిన రోజున ఆ పిల్ల మందు డబ్బాతోపాటు ఇచ్చే మడత కాగితం పట్టుకొచ్చింది. "సార్, గిండ్ల ఏం రాసిండ్రు?" అని అడిగింది.

ఆ రోజు వాచకం తెరవలేదు. కాగితంలో ఇంగ్లీషూ ఉంది, తెలుగూ ఉంది. ముందు ఇంగ్లీషులో తెలిసిన మాటలు ఏరమన్నాను. పాయిజన్, వాటర్, హ్యాండ్స్, వాష్, ఫుడ్ దొరికాయి. ఆ అయిదు మాటలతో వాక్యాల అర్థం ఊహించమన్నాను. తర్వాత తెలుగు భాగం చదివించాను. అక్కడ మేమందరం ఆగిపోయాం. ధూమపానము, ఆహార సేవనము నిషిద్ధమట. శ్వాసావరోధము కలిగినచో ఏదో చేయవలెనట. వెనక నుంచి ఒక కుర్రాడు "సార్, ఇంగ్లీషే నయముంది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గిడుగు పోరాడిన వందేళ్ళ తర్వాత కూడా, ప్రాణం పోసే కాగితం మీద ప్రజల తెలుగు లేదు.

ఆ రెండు భాషల్నీ పిల్లలు తమ తెలుగులోకి తెచ్చారు. మందు కొట్టేటప్పుడు బీడీ తాగొద్దు. ఏం తినొద్దు. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు. దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పమన్నాను. 'డు నాట్ స్మోక్. డు నాట్ ఈట్.' మూడో వాక్యానికి నేను సాయం చేయాల్సివచ్చింది. 'వద్దు' అనేదాన్ని ఇంగ్లీషులో ఎలా అంటారో సూత్రం చెప్పకుండానే పట్టుకున్నారు. డబ్బా మీది త్రికోణం రంగు ఎరుపైతే అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ అని రంగుల పేర్లతో వాక్యాలు కట్టారు. మూడు పీరియడ్లు పట్టింది. ఆ మూడు పీరియడ్లలో వినపడినంత ఇంగ్లీషు నా క్లాసులో అంతకుముందు ఏడాదంతా వినపడలేదు.

ఈ కథకు విజయగీతం లేదు. సిలబస్ వెనకబడిందని నాకు సంజాయిషీ పడింది. ఆ అమ్మాయి పదో తరగతిలో ఇంగ్లీషు తప్పి బడి మానేసింది. పరీక్షలో మందు కాగితం రాలేదు గదా.

5

1920ల్లో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు విద్యాధికారి బెంగాలు పిల్లల్ని గమనించి ఒక మాట వాడాడు: సరెండర్ వాల్యూ. జీవిత బీమా పాలసీ కట్టేవాళ్ళందరికీ తెలిసిన మాటే. మధ్యలో మానేస్తే చేతికొచ్చే సొమ్మెంత? భాషా చదువును కూడా ఇలాగే కొలవాలన్నాడు. చివరిదాకా చదివేవాడికి దక్కేదాన్నిబట్టి కాదు, నడిమధ్యలో మానేసే పిల్లకు ఏం మిగులుతుందన్నదాన్నిబట్టి. వలస ప్రభుత్వ ఉద్యోగి ఐనా, మన ప్రణాళికా రచయితలకు తట్టని వర్గసత్యం ఆయనకు తట్టింది. చదివి అర్థం చేసుకోవడం ముందు నేర్పితే మధ్యలో మానేసినా అది పనికొస్తుందని ఆయన వాదం. పది తప్పిన ఆ అమ్మాయికి మిగిలింది ఆ కాగితం చదవగలగడం. మన బోధన ఆమెకిచ్చిన సరెండర్ వాల్యూ అంతే. అంతైనా ఎంతమందికి ఇస్తున్నాం?

రెండో పేరు ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా దక్షిణాదిలోని కొన్ని మామూలు పాఠశాలల్లో ఆయన బృందం చేసిన ప్రయోగాన్ని బెంగుళూరు ప్రాజెక్టు అంటారు. వ్యాకరణ క్రమంలో పాఠాలు లేవు. రైలు వేళల పట్టిక, ఊరి పటం వంటివి ఇచ్చి ఒక చిక్కుముడి విప్పమంటారు. ముందు ఉపాధ్యాయుడు ఒకదాన్ని తరగతితో కలిసి విప్పుతాడు. అలాంటిదే ఇంకొకదాన్ని పిల్లలు ఎవరికివారు విప్పుతారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాష ఒంటబడుతుందన్నది ఆయన సిద్ధాంతం. తర్వాత 1990లో రాసిన వ్యాసంలో అన్నిటికంటే మంచి పద్ధతి అంటూ ఏదీ లేదనీ, తాను చేస్తున్న పనిలో ఉపాధ్యాయుడికి నమ్మకం సజీవంగా ఉండాలనీ వాదించాడు. దిగుమతి పద్ధతుల మోజుకు మన గడ్డ మీద నుంచి వచ్చిన గట్టి జవాబు ఇది.

ప్రభుతో నా పేచీ ఒక్కటే. రైలు పట్టికలోని చిక్కుకు లెక్క సరిపోతే జవాబు దొరుకుతుంది. ఆ రైలెక్కడానికి డబ్బులెవరికున్నాయన్న ప్రశ్న అందులో పుట్టదు. మందు కాగితంలో పుడుతుంది. ఇంత విషం మన చేతికెందుకిస్తున్నారని ఆ తరగతిలో ఒకరు అడిగారు. దానికి నా దగ్గర రెండు భాషల్లోనూ జవాబు లేదు. ఐనా ఆ ప్రశ్న పుట్టిన తరగతే నా ఉద్యోగంలో అసలైన తరగతి.

6

తెలుగును ఇంగ్లీషు తరగతిలో ఎంతవరకు వాడాలి? నా అనుభవం చెప్పేది ఇది. పాఠంలోకి దిగే ముందు పిల్లలకు ఆ విషయం గురించి ఏం తెలుసో తెలుగులో మాట్లాడనివ్వాలి. ఒక్క తెలుగు మాటతో తేలిపోయే అర్థానికి పది నిమిషాల మూగాభినయం అక్కర్లేదు. రెండు భాషల వాక్య నిర్మాణాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాలి. క్రియను చివర పెట్టుకునే మన పిల్లలకు మధ్యలో క్రియ వచ్చే వాక్యం ఎందుకు తడబాటో అలాగైతేనే బోధపడుతుంది. కాని పిల్లవాడు సొంతంగా ఇంగ్లీషు వాక్యం కట్టాల్సిన చోట మాత్రం మేష్టారు తెలుగునూ గైడునూ రెంటినీ పక్కనబెట్టి, తప్పులతడకగానైనా కట్టనివ్వాలి. నేను చేసిన రెండో తప్పు అక్కడే ఉంది.

తెలుగు వాడమనడం కింది కులాల పిల్లల్ని మళ్ళీ ఇంగ్లీషుకు దూరం చేసే ఎత్తు కాదా అని దళిత మిత్రులు అనుమానిస్తారు. ఆ అనుమానం న్యాయమైనది. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి పేదవాళ్ళకు మాతృభాష మహిమ చెప్పినవాళ్ళు మనలో ఉన్నారు. కాని జరిమానా తరగతి ఆ పిల్లలకు ఇంగ్లీషు ఇవ్వదు, ఇంగ్లీషు భయాన్ని ఇస్తుంది. ఇంగ్లీషు కావాలన్నది హక్కు ఐతే, అది అర్థమయ్యేలా చెప్పించుకోవడం కూడా ఆ హక్కులో భాగమే.

రచయితలకు ఇందులో పనేమిటంటారా? మన పిల్లలు చదివే ఇంగ్లీషు వాచకాలను ఎప్పుడైనా సమీక్షించామా? తెలుగు కథను సులువైన ఇంగ్లీషులో పల్లెటూరి పిల్ల చదివేలా ఎవరైనా రాశామా? మందు కాగితం మీది తెలుగును మార్చమని ఒక్క తీర్మానమైనా చేశామా? మాధ్యమం సంగతి ప్రభుత్వాలు ఉత్తర్వులతో తేలుస్తాయి, కోర్టులు తిరగదోడుతాయి. ఈ పనులకు ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. వచ్చే సభల్లో పద్యాలూ పత్రాలూ చదివేముందు ఒక ఇంగ్లీషు వాచకాన్నీ, ఒక మందు కాగితాన్నీ బల్ల మీద పెట్టి చర్చ మొదలుపెడదాం.