దగ్గరి రూపచిత్రానికి ఏ కెమేరా తగును?

గళ్ల చీరలకు పేరుపొందిన నారాయణపేటలో గుంటమగ్గం ముందు కూర్చున్న ఒక నేతగాని ముఖాన్ని దగ్గరినుండి ఫోటో తీయవలెననుకొనండి. అతని కాళ్లు గుంటలో, చేతులు మగ్గంమీద ఉంటాయి. వెనుక ఒక స్తంభం ఉన్నది. లేచి రమ్మంటే పని ఆగుతుంది, పనితోపాటు ముఖంలోని ఏకాగ్రతా పోతుంది. కనుక కెమేరాయే అతని వద్దకు వెళ్లవలెను. ఆ ఇరుకు చోటులో రేంజిఫైండరు మేలా, రిఫ్లెక్సు మేలా? రెండు పక్షాలకూ అభిమానులున్నారు. అభిమానాన్ని పక్కనపెట్టి కాంతి నడిచే దారిని పరిశీలిస్తే తీర్పు కష్టం కాదు.

రేంజిఫైండరులో చూచే కిటికీ వేరు, చిత్రాన్ని ఏర్పరచే కటకం వేరు. కిటికీలోని రెండు ప్రతిబింబాలు ఒకటిగా కలిసేవరకు కటకపు వలయాన్ని తిప్పితే దూరం కుదురుతుంది. 1932 నాటి లైకాలో ఈ సాధనం కెమేరాలోనే ఇమిడింది. 1954 నాటి ఎం3లో బాగా మెరుగుపడింది. రిఫ్లెక్సులో కటకం వెనుక ఏటవాలుగా ఉన్న అద్దం కిరణాలను పైనున్న గరుకుగాజుకు మళ్లిస్తుంది. పట్టకం ఆ దృశ్యాన్ని కంటికి నిటారుగా చూపుతుంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వృత్తిఛాయాగ్రాహకులలో ఈ పద్ధతికి గొప్ప ప్రచారం తెచ్చింది. అయితే కటకం చూచినదే కన్ను చూడడం కొత్త సంగతి కాదు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలపు పలకల కెమేరాలలోనూ గరుకుగాజుమీద తలక్రిందుల ప్రతిబింబాన్ని చూచిన తరువాతనే పలకను అమర్చేవారు.

కిటికీకీ కటకానికీ నడుమ 4 సెం.మీ. ఎడమున్నదనుకొందాము. 50 మి.మీ. కటకంలో 3 మీటర్ల దూరాన పట్టే వెడల్పు 2 మీటర్లకు పైగా ఉంటుంది. అక్కడ 4 సెం.మీ. లెక్కకు రాదు. 90 మి.మీ. కటకంలో 1 మీటరు దూరాన పట్టేది 36 సెం.మీ. మాత్రమే, అందులో అది తొమ్మిదవ వంతు. మేలైన కెమేరాలలో హద్దుగీతలు దూరాన్నిబట్టి జరిగి ఈ దోషాన్ని దిద్దుతాయి. కాని అవి దిద్దేది చట్రాన్నే, చూపుబిందువును కాదు. నేతగాడు 1 మీటరు, స్తంభం 3 మీటర్ల దూరాన ఉంటే, సరూప త్రిభుజాల ప్రకారం స్తంభం వద్ద 8 సెం.మీ. తేడా వస్తుంది. ముఖపు కొలతలో అది రెండున్నర సెం.మీ.కు పైమాటే. చెవికి విడిగా కనబడిన స్తంభం ఫోటోలో చెవి వెనుకనుండి మొలచినట్లుండవచ్చును. చేయి చాచి బొటనవ్రేలిని నిలిపి, ఒక్కొక్క కన్నే మూసి చూస్తే విద్యార్థులకు ఈ దృష్టివిక్షేపం వెంటనే బోధపడుతుంది.

రేంజిఫైండరుతో దగ్గరి ముఖంపై స్పష్టత కుదరదనే వాదం మాత్రం పూర్తిగా నిలువదు. పై 90 మి.మీ. కటకాన్ని ఎఫ్ 2.8 వద్ద వాడితే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 2 సెం.మీ.; కన్ను స్పష్టమైతే చెవి మసకబారుతుంది. పొడవైన ఆధారరేఖగల ఎం3 ఈ పరీక్షలో నెగ్గగలదు. ఆధారరేఖ పొట్టిదైన చౌక కెమేరాలే తప్పుతాయి. పైగా మీట నొక్కిన క్షణంలో రిఫ్లెక్సు అద్దం లేచి దృశ్యాన్ని కప్పివేస్తుంది. నేతగాడు రెప్ప వాల్చినదీ లేనిదీ తెలియదు. రేంజిఫైండరు కిటికీ తెరిచే ఉంటుంది, చప్పుడూ తక్కువ. కార్టియే బ్రెసాన్ లైకాతో, ఎక్కువగా 50 మి.మీ. కటకంతో తీసిన రూపచిత్రాలలో మనిషితోపాటు అతని పరిసరాలూ మాట్లాడుతాయి. స్టీవ్ మెక్‌కరీ 1984లో నికాన్ రిఫ్లెక్సుతో, 105 మి.మీ. కటకంతో తీసిన ఆఫ్గన్ బాలిక చిత్రంలో కన్నులే సర్వస్వం. సాధనాల స్వభావభేదం ఇక్కడ కనబడుతుంది.

ఏ కెమేరాకైనా వర్తించే హెచ్చరిక ఒకటున్నది. ముక్కు చెవికన్న 10 సెం.మీ. ముందున్నదనుకొంటే, అర మీటరునుండి తీసినప్పుడు చెవితో పోల్చగా ముక్కు ఉండవలసినదానికన్న 20 శాతం పెద్దదిగా పడుతుంది. ఒకటిన్నర మీటరునుండి 7 శాతమే. ఈ వికృతికి కారణం కటకం కాదు, దూరం. కనుక కొంత వెనుకకు జరిగి పొడవైన కటకం వాడవలెను. అప్పుడు రేంజిఫైండరులో చట్రం చిన్నదైపోతుంది. రిఫ్లెక్సులో ముఖం తెరనంతా నింపుతుంది.

లైకా సంస్థయే దగ్గరి చిత్రాలకోసం విసోఫ్లెక్స్ అనే అద్దపుపెట్టెను తన కెమేరాకు తగిలించుకొనేటట్లు తయారుచేసింది. 2012 నాటి డిజిటల్ ఎంలో కటకపు దృశ్యాన్నే వెనుక తెరపై చూపింది. ఇంతకన్న బలమైన సాక్ష్యం అక్కరలేదు. మగ్గంతో సహా నేతగానిని చూపుటకు రేంజిఫైండరు చాలును. అతని ముఖాన్నే చూపుటకు రిఫ్లెక్సు, లేదా అదే సూత్రాన్ని అద్దం లేకుండా పాటించే నేటి మిర్రర్‌లెస్ కెమేరా తగును. చీరను చూచినవారెందరో నేసినవాని ముఖాన్ని ఎన్నడూ చూడరు. వారికి ఆ ముఖం ఒక్క ఫోటోలోనే కనబడేటప్పుడు, అది ఉన్నది ఉన్నట్లు ఉండవలెను.