పెడల్ దమ్ము, నేల దెబ్బ

పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద సైకిలిస్టుకు ఎక్కుడు ఒక్కటే లెక్క. సీటు మీంచి లేచి, తొడలు మండేలా తొక్కుతాడు. నడిమధ్య దాటాక పెడల్ ఆపేసి, బ్రేకు మీద రెండు వేళ్లు ఉంచి, ఎదురుగాలికి చెమట ఆరుతుంటే ఊపిరి కూడదీసుకుంటాడు. దిగుడు అతనికి ఉచితం. అదే వంతెన మీద పరిగెత్తేవాడికి ఉచితమంటూ ఏదీ లేదు. ఎక్కేటప్పుడు గుండె మీద పడ్డ భారం దిగేటప్పుడు మోకాళ్ల మీదికీ తొడల మీదికీ మారుతుంది, అంతే.

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పూర్తి దూరం, అంటే 42.195 కిలోమీటర్లు, పరిగెత్తేవాళ్లకు ఈ తేడాను తెలియజెప్పే తొలి మెట్టు ఈ ఫ్లైఓవరే. పీపుల్స్ ప్లాజా దగ్గర తెల్లవారకముందే బయల్దేరి, రాజ్‌భవన్ రోడ్డు మీదుగా వచ్చి దీన్ని దాటి, కేబీఆర్ పార్కు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వైపు సాగి గచ్చిబౌలిలో ముగిస్తారు. ఆ గుంపులో సైకిల్ అలవాటు మీద నమ్మకంతో వచ్చినవాళ్లూ ఉంటారు. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ తెరిచారు. ఆదివారం పొద్దున వంద కిలోమీటర్లు తొక్కి రావడం ఇప్పుడు అమీర్‌పేట హాస్టల్ కుర్రాడికి కూడా వింత కాదు. వంద తొక్కేవాడికి నలభై రెండు పరిగెత్తడం ఎంతలే అన్న ధీమా అక్కడే పుడుతుంది.

ఈ ధీమాను పరీక్షించాలంటే మన ఆదివారం సైకిలిస్టును కాదు, ప్రపంచంలో అందరికన్నా గట్టిగా తొక్కినవాళ్లను తీసుకోవాలి. వాళ్ల విషయంలో దమ్ము చాలలేదన్న సాకు చెల్లదు.

లోరాన్ జలబేర్ ఫ్రాన్స్ వాడు. 1995లో స్పెయిన్ టూర్ సైకిల్ పోటీ గెలిచాడు, కొన్నేళ్లపాటు ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, 2002లో రిటైరయ్యాడు. 2005లో న్యూయార్క్ మారథాన్‌ను 2 గంటల 55 నిమిషాల 39 సెకన్లలో పూర్తిచేశాడు. మరుసటి ఏడాది అదే దారిలో మరో సైకిల్ దిగ్గజం లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దిగాడు. వంతులవారీగా పక్కన తోడు పరిగెత్తినవాళ్లు సామాన్యులు కారు, పేరుమోసిన రన్నర్లు: అల్బెర్టో సలజార్, జోన్ బెనాయిట్ సామ్యూల్సన్, హిషామ్ ఎల్ గరూజ్. అయినా 2:59:36 పట్టింది. శరీరాన్ని ఇంతగా కష్టపెట్టిన పని తన జీవితంలో ఇంకొకటి లేదని రేసయ్యాక చెప్పాడు. ఆల్ప్స్ కొండలను ఏళ్ల తరబడి ఎక్కిన మనిషి మాట ఇది! ఆ రోజు గెలిచిన బ్రెజిల్ రన్నర్ మరిల్సన్ గోమెస్ దోస్ శాంతోస్ సమయం 2:09:58. దాదాపు యాభై నిమిషాల ఎడం.

ఈ అంకెలను రెండు రకాలుగా చదువుతారు. మూడు గంటల్లోపు మారథాన్ అంటే ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్లలో కూడా చాలామందికి అందని కల, కాబట్టి సైకిల్ దమ్ము పరుగుకు భేషుగ్గా పనికొచ్చింది అనేది ఒకటి. ప్రపంచస్థాయి గుండె ఉండి కూడా అంత వెనకబడ్డాడంటే ఏమీ పనికిరాలేదన్నట్టే అనేది రెండోది. నాకు రెండూ తొందరపాటుగానే తోస్తాయి. అసలు విషయం ఈ అంకెల్లో లేదు, తర్వాతి అంకెల్లో ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ 2007లో అదే న్యూయార్క్‌లో 2:46:43కి వచ్చాడు. జలబేర్ అదే ఏడాది బార్సిలోనాలో 2:45:52కి వచ్చాడు. ఒకరు పదమూడు నిమిషాలు, ఒకరు పది నిమిషాలు మెరుగు. బార్సిలోనా దారి న్యూయార్క్ అంత కఠినం కాదు, నిజమే. కానీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది అదే ఊరు, అదే దారి. ఈలోగా వాళ్ల గుండెలేమీ పెద్దవి కాలేదు. వయసు పెరిగింది, సైకిల్ పోటీలు మానేసి ఇంకొంత కాలం గడిచింది. దమ్ము తగ్గి ఉండాలి గానీ పెరిగే వీలు లేదు. మరి బాగుపడిందేమిటి? కాళ్లు. మొదటిసారి కొరత ఎక్కడుందో రెండోసారి వచ్చిన మెరుగుదల చూపిస్తుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ పేరెత్తితే మందుల మాట రాక తప్పదు. 1998 ఆగస్టు నుంచి అతని ఫలితాలన్నిటినీ 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ రద్దు చేసింది. ఫలితాలు రద్దయినా ఆ కాళ్లు పడ్డ పాట్లు రద్దుకావు. పైగా కుర్రతనంలో అతను ట్రయాథ్లాన్ చేసినవాడు, పరుగు బొత్తిగా తెలియనివాడు కాడు. అయినా ఇన్నేళ్లు నేల తాకని కాళ్లు ఆ పాఠాన్ని మరిచిపోయాయి.

ఇప్పుడు ఎదురు దిక్కు నుంచి వచ్చినవాణ్ణి పక్కన నిలబెడదాం. కెనడా వాడైన మైకేల్ వుడ్స్ మొదట రన్నర్. 2005లో కుర్రాడిగా ఉండగానే మైలు దూరాన్ని 3:57.48కి పరిగెత్తాడు. పాదం ఎముకలో మళ్లీ మళ్లీ వచ్చిన స్ట్రెస్ ఫ్రాక్చర్లు ఆ దారి మూసేశాయి. కోలుకోవడానికి ఎక్కిన సైకిలే వృత్తి అయింది. 2018లో స్పెయిన్ టూర్‌లో ఒక స్టేజి, అదే ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2023లో టూర్ ద ఫ్రాన్స్‌లో పుయ్ ద దోమ్ కొండ మీద గెలుపు. పరుగు నుంచి సైకిల్‌కు మారి శిఖరాల దాకా వెళ్లాడు. సైకిల్ నుంచి పరుగుకు మారిన ఆ ఇద్దరు దిగ్గజాలూ గట్టి ఔత్సాహికుల వరసలో ఆగారు.

ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. వుడ్స్ ఇరవైల్లో మారాడు, మిగతా ఇద్దరూ రిటైరయ్యాక సరదాకు పరిగెత్తారు. కానీ వుడ్స్‌కూ ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ ఎక్కడ దెబ్బ తగిలిందో చూడండి. వుడ్స్‌కు సైకిల్ మీద కొరవడింది నేర్పు. గుంపులో తొక్కడం, కొండ దిగుళ్లలో మలుపు తీసుకోవడం చిన్నప్పటి నుంచి సైకిలే లోకంగా పెరిగినవాళ్లంత సులువుగా అబ్బలేదు. నేర్పును సాధనతో తెచ్చుకోవచ్చు, తెచ్చుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను సగం దారి నుంచి వేధించింది మోకాళ్ల కింద ముందెముకల నొప్పి. అది నేర్పుతో తీరే లోటు కాదు, ఒంట్లో కొత్త సరుకు పెరగాలి. వుడ్స్‌ను పరుగు నుంచి తరిమిందీ ఎముకే, ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పరుగులో ఏడిపించిందీ ఎముకే. ఈ రెండు కథలనూ ఎదురెదురుగా పెట్టి చదివితే గుండె ఎక్కడా ముద్దాయిగా కనిపించదు.

గుండె నిజంగానే సైకిల్ నుంచి పరుగుకు వెంట వస్తుంది. కొట్టుకున్న ప్రతిసారీ తోసే రక్తం, ఒంట్లో పెరిగిన రక్త పరిమాణం, గంటల తరబడి ఇంధనాన్ని పొదుపుగా కాల్చే అలవాటు, ఇవన్నీ కింద పెడల్ ఉందా నేల ఉందా అని అడగవు. అలాగని అంతా రాదు. మామూలు మనుషులను సైకిల్ మీదా ట్రెడ్‌మిల్ మీదా పరీక్షిస్తే ఆక్సిజన్ వాడకం ట్రెడ్‌మిల్ మీదే కాస్త ఎక్కువ తేలుతుంది. ఆరితేరిన సైకిలిస్టుల్లో ఆ తేడా చెరిగిపోతుంది, కొందరిలో తారుమారవుతుంది. గుండె పంపిన రక్తాన్ని అందుకోవాల్సింది కండ. పిక్కలూ తొడ వెనక కండలూ తొడ ముందు కండలంత తర్ఫీదు పొందలేదు మరి. పది హార్స్‌పవర్ మోటారు తెచ్చి పాత పైపులైనుకు బిగించినట్టు ఉంటుంది వ్యవహారం.

పెడల్ తొక్కేటప్పుడు కండ ప్రధానంగా ముడుచుకుంటూ బలం చూపుతుంది. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడింతల తాకిడి వస్తుంది. దాన్ని ఆపడానికి కండ సాగుతూనే బిగబట్టాలి. ఆ పని సైకిల్ ఎప్పుడూ నేర్పదు. నిమిషానికి 170 అడుగుల లెక్కన మూడు గంటల్లో 30,000కు పైగా తాకిళ్లు. మారథాన్ మర్నాడు అమీర్‌పేట మెట్రో స్టేషన్లో లైను మారాల్సి వచ్చినవాళ్లను అడగండి: మెట్లు ఎక్కడం ఫరవాలేదు, దిగడమే నరకం. కండకు దెబ్బ తగిలింది ఎక్కడంలో కాదు, సాగుతూ ఆపడంలో. అలవాటు చేస్తే కండ కొన్ని వారాల్లో నేర్చుకుంటుంది. మడమ వెనక స్నాయువు, అంటే అడుగడుగుకూ స్ప్రింగులా సాగి శక్తిని తిరిగిచ్చే ఆ పట్టీ, నెలలు తీసుకుంటుంది. ఎముక కూడా అంతే.

ఎముక సంగతి మన సైకిల్ మిత్రులు అసలు పట్టించుకోరు. సైకిలే లోకంగా బతికే పోటీదారుల్లో వెన్నెముక ఎముక సాంద్రత రన్నర్ల కన్నా తక్కువగా ఉంటుందని పలు పరిశోధనలు తేల్చాయి. తాకిడి లేనిచోట ఎముకకు గట్టిపడే అవసరమే కలగదు. మారథాన్ దారికి కూతవేటు దూరంలో ఉన్న నిమ్స్‌కు ఇవాళ అన్ని జబ్బులకూ పోతున్నాం గానీ, అది మొదలైంది నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగానే. గుండె బలం చూసుకుని మురిసిపోయే సైకిలిస్టు ఆ పాత పేరును ఓసారి తలచుకుంటే మంచిది.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది: ఆగస్టు ఉక్క. గంటకు ముప్పై అయిదు కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి తన వేగమే విసనకర్ర. గంటకు పన్నెండుతో పరిగెత్తేవాడికి ఆ గాలి ఉండదు, చెమట ఆరదు. సైకిల్ మీద ఇదే గుండెవేగంతో హాయిగా తొక్కాను కదా అన్న అనుభవం ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

సైకిలిస్టులందరి సంగతీ ఒకటి కాదన్నది కూడా ఒప్పుకోవాలి. చదును రోడ్డు మీద బరువైన ఒళ్లు పెద్ద అడ్డంకి కాదు, దాన్ని చక్రాలు మోస్తాయి. కొండలెక్కేవాడు మాత్రం కిలోకు ఎంత శక్తి అని లెక్క వేసుకుంటాడు. పరుగు లెక్క కూడా అదే. కాబట్టి అనంతగిరి ఘాట్ రోడ్డును ఇష్టంగా ఎక్కే బక్కపలచని సైకిలిస్టు, ఔటర్ ట్రాక్ మీద గాలిని చీల్చుకుపోయే భారీకాయుడి కన్నా పరుగులో త్వరగా నిలదొక్కుకుంటాడు.

సైకిలిస్టుల మధ్య ఒక వాడుక లెక్క ఉంది: మూడు కిలోమీటర్లు తొక్కితే ఒకటి పరిగెత్తినట్టు. కాలిన క్యాలరీల వరకు అది దగ్గరదగ్గరగా సరే. కానీ వారానికి 120 కిలోమీటర్లు తొక్కినవాడు దాన్ని నలభై కిలోమీటర్ల పరుగుగా రాసుకుంటే, నేల తాకిళ్ల ఖాతాలో పడేది సున్నా. మారథాన్ తీసేది ఆ ఖాతాలోంచే. అందుకే గట్టి సైకిలిస్టు ఫిబ్రవరిలోనే వారానికి మూడు చిన్న పరుగులతో మొదలుపెట్టాలి, ఆయాసం లేదు కదా అని దూరం పెంచేయకూడదు, ఎక్కుడు కన్నా దిగుడును ఎక్కువ సాధన చేయాలి. మొదటి ఆగస్టుకు హాఫ్ మారథాన్ చాలు, పూర్తి దూరం మరుసటి ఏడాది చూసుకోవచ్చు. జలబేర్‌కూ ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ పట్టిన కాలం కన్నా మనకు తక్కువ పడుతుందనుకోవడానికి నాకైతే కారణమేదీ కనిపించడం లేదు.