జోడు సైకిళ్ల చదువు

జపాన్‌లో పరాయి ఇంటి తలుపు కొట్టరు. గోడకున్న ఇంటర్‌కామ్ నొక్కి, కనిపించని మనిషికి పేరు చెప్పుకోవాలి. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల నేమ్‌బ్యాడ్జ్‌తో ఒక అమెరికా కుర్రాడు సైకిలు దిగి ఆ బటన్ నొక్కాడనుకోండి. లోపలి నుంచి ఎవరో ఆవిడ ఎంతో మర్యాదగా ‘కెక్కో దెసు’ అంటుంది. ‘కెక్కో’ అంటే బాగుంది అని చదువుకొచ్చినవాడు కదా, కుర్రాడి మొహం వెలిగిపోతుంది. ఏడాదిగా ఆ వీధుల్లో తిరుగుతున్న జతగాడు మాత్రం అప్పటికే సైకిలు స్టాండు తీసేసి ఉంటాడు. ఆ మాటకు ‘వద్దులెండి’ అనే అర్థం కూడా ఉంది మరి. మనింట భోజనానికి కూర్చున్న చుట్టం ‘చాలండీ’ అన్నప్పుడు గరిటె ఆపాలో, ఇంకాస్త వడ్డించాలో గొంతును బట్టే కదా తెలిసేది!

లోకం మార్మన్లని పిలిచే యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందిన కుర్రాళ్లు వీళ్లు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఆ సంఘానికి ఇప్పుడు యూటాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రం. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర ఇల్లు విడిచి మత ప్రచారానికి వెళ్తారు. బయలుదేరే వయసును 2012లో అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. ఇప్పుడు ప్రపంచమంతటా 70 వేలకు పైగా ఈ పనిలో ఉన్నారు. జీతం లేదు. ఖర్చు తాము కూడబెట్టుకున్నదో, ఇంట్లోవాళ్లు పంపేదో. ఎక్కడికి వెళ్లాలో కోరుకునే వీలూ లేదు. ఒకప్పుడు ఆ కబురు పెద్ద తెల్ల కవరులో వచ్చేది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తోంది.

వాళ్ల నమ్మకాలతో మనకు పేచీ ఉండవచ్చు. పిలవని ఇంటికి మతం మోసుకెళ్లడమే తప్పనేవాళ్లూ ఉన్నారు. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ణి పరాయి దేశంలో నిలబెట్టడానికి వాళ్లు అల్లుకున్న పద్ధతి మాత్రం చూడదగ్గది.

మొదట భాష. యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో 50కి పైగా భాషలు నేర్పుతారు. నేర్పేవాళ్లలో చాలామంది నిన్నమొన్న అదే పని చేసి తిరిగొచ్చిన కాలేజీ విద్యార్థులే. వ్యాకరణం పూర్తయ్యేదాకా ఆగరు. వచ్చీరాని మాటలతోనే ప్రార్థన చేయిస్తారు, ఎదుట ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఈత నేర్చుకునేవాణ్ణి ముందు నీళ్లలోకి దింపినట్టు.

తర్వాత దినచర్య. ఉదయం 6.30కి లేవాలి. వ్యాయామం, టిఫిన్, సొంతంగా చదువు, జతగాడితో చదువు, భాష సాధన. ఆపైన వీధి. రాత్రి 10.30కి దీపం ఆర్పాలి. వారానికి ఒకరోజు బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులకు, క్షవరానికి, ఇంటికి ఉత్తరాలకు. 2019 దాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండేసార్లు: క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. ఇప్పుడు వారం వారం మాట్లాడనిస్తున్నారు.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు జంట. సంఘం కుదిర్చిన జతగాడు ఎప్పుడూ కంటికి కనబడేంత, మాట వినబడేంత దూరంలో ఉండాలి. పేరు పెట్టి పిలుచుకోరు. ఇంటిపేరుకు ముందు ‘ఎల్డర్’ చేరుస్తారు, జపాన్‌లో ఇంటిపేరు తర్వాత ‘చోరో’ అంటారు. రెంటికీ అర్థం పెద్ద అనే. మీసం సరిగా రానివాడికి పెద్దరికం! గురక పెట్టేవాడు, గిన్నెలు కడగనివాడు, అసలు మాట్లాడనివాడు, ఎవరు దక్కితే వాళ్లతోనే సర్దుకోవాలి. అందుకే వారానికోసారి ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మీద ఒకరికి ఉన్న కినుక బయటపెట్టుకోవాలన్నది నియమం. సుమారు ఆరు వారాలకోసారి మార్పులు ప్రకటిస్తారు. సర్దుకున్నామనుకునేలోగా జతగాడు మారవచ్చు, ఊరూ మారవచ్చు.

ఎప్పుడో ఒక తలుపు తెరుచుకుంటుంది. గుమ్మంలో బూట్లు విప్పి, ముందువైపు తిప్పిపెట్టి లోపలికి వెళ్తారు. ఇంటి పెద్దావిడ గ్రీన్ టీ తెస్తుంది. వీళ్ల మతంలో టీ, కాఫీ నిషిద్ధం. వచ్చిన అతిథి టీ కాదంటే జపాన్ ఇల్లాలికి చిన్నతనం. అందుకని కుర్రాళ్లు ముందే బార్లీ గింజలు వేయించి కాచిన ‘ముగిచా’ అడగడం నేర్చుకుంటారు. అందులో తేయాకు ఉండదు. వ్రతమూ చెడదు, ఆవిడ మనసూ నొచ్చుకోదు. ఉచిత ఇంగ్లీషు క్లాసులూ అలాంటి దారే. మతం మాట వినని ముసలాయన కూడా ఇంగ్లీషు కోసం వారం వారం వస్తాడు.

అయినా ఫలితం తక్కువే. జపాన్‌లో ఈ పని 1901లో మొదలైంది. సంఘ పెద్ద హీబర్ గ్రాంట్ వెంట యొకొహామాలో దిగిన ఆల్మా టేలర్ అనే కుర్రాడికి అప్పుడు 19 ఏళ్లు. 1910 దాకా అక్కడే ఉండి, 1909లో తమ పవిత్ర పుస్తకమైన మార్మన్ గ్రంథాన్ని జపనీస్‌లో తెచ్చాడు. 1924లో ఆ తొలి మిషన్ మూసేసే నాటికి సంఘంలో చేరినవాళ్లు రెండు వందల లోపే. అదే హైదరాబాదు కథ చూడండి. సమోవాలో ఈ మతంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో వచ్చి సొంత బంధువులకు చెబితే 22 మంది చేరారు. 2012లో దేశంలో మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, ఏర్పడింది ఆ నగరంలోనే. కొత్తవాడి బటన్ కంటే చుట్టం మాటకే తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

మరి వీధులు తొక్కిన కుర్రాడికి మిగిలేదేమిటి? అందరికీ అంతా మంచే జరగదు. ఒత్తిడి తట్టుకోలేక మధ్యలో తిరిగొచ్చినవాళ్లు ఊళ్లో చూపులు మోయాల్సి వస్తుంది. గడువు పూర్తిచేసినవాడికి ఒక భాష వస్తుంది. కాదన్నవాళ్లకు వంగి నమస్కరించి కదలడం వస్తుంది. తాను ఎంచుకోని మనిషితో ఒకే గదిలో బతకడం వస్తుంది.

విమానాశ్రయంలో ఇంటిల్లిపాదీ అట్టల మీద పేరు రాసుకుని ఎదురుచూస్తారు. స్థానిక సంఘపెద్ద విధి ముగిసిందని చెప్పాక కుర్రాడు నల్ల బ్యాడ్జ్ తీసేస్తాడు. ఆ రాత్రి తన పాత గదిలో తన మంచం మీద పడుకుంటాడు. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఒంటరిగా. దీపం ఆర్పబోతూ అలవాటు కొద్దీ పక్కకు తిరిగి, ఆర్పనా అని అడగబోతాడు. జపనీస్‌లో.