విప్పితే గానీ తెలియని పని

కొత్త రైలు పెట్టెను తయారుచేసేవారికి ఏ రోజు ఏ భాగం కావాలో ముందే తెలుసు. పాత పెట్టెను ఓవర్‌హాల్ చేసేవారికి ఆ వెసులుబాటు లేదు. మరుగుదొడ్డి పక్కన నేల పైకి బాగానే ఉంటుంది. పైపొర ఎత్తి చూస్తే, ఏళ్ళ తరబడి ఇంకిన నీటికి అడుగు రేకు తుప్పుపట్టి పొరలుగా ఊడివస్తుంది. రెండు రోజుల్లో తేలుతుందనుకున్న వెల్డింగు వారానికి సాగుతుంది. ఆ ఆలస్యం మిగతా విభాగాలకు (షాపులకు) పాకకుండా చూడడమే రైల్వే వర్క్‌షాపుల అసలు నేర్పు. 1893లో నిజాం రైల్వే హయాంలో మొదలైన సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాపు వంటి చోట్ల అది తరాలుగా చేతులు మారుతూ వస్తోంది.

పెట్టెను పైకి లేపి, కింద చక్రాలుండే చట్రాలను, అంటే ట్రాలీలను, బయటకు తీస్తారు. చక్రాలు వీల్ షాపుకు, బ్రేకు వాల్వులు టెస్టు బెంచీకి, ఒళ్ళు తుప్పు పనికి వెళ్తాయి. పెట్టె తన ట్రాలీల కోసమే కాచుకుని ఉండదు. సిద్ధంగా ఉన్న మరో జత కిందికి వస్తుంది. దీనికి చేతిలో ఎప్పుడూ కొంత అదనపు నిల్వ ఉండాలి. నిల్వ అడుగంటితే పక్క పెట్టెది పీకి దీనికి బిగించే అలవాటు మొదలవుతుంది. అప్పుడు ఒకటి కదిలినా మరొకటి ఆగిపోతుంది. నిల్వ ఖర్చు దండగ అనేవారు ఈ లెక్క చూడాలి.

షాపుల మధ్య సమన్వయం ఎలా ఉంటుందో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) నమూనా పెట్టె కొసన తాకిడిని ఆపే బఫర్ ఎత్తులో స్పష్టంగా కనిపిస్తుంది. ఖాళీ పెట్టెకు అది 1105 మిల్లీమీటర్లు దాటకూడదు, మరీ తగ్గనూ కూడదు. కొత్త చక్రం వ్యాసం 915. అరిగిన చక్రాన్ని లేతు మీద 889కి తెస్తే పెట్టె 13 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది కాబట్టి స్ప్రింగు దగ్గర 13 మిల్లీమీటర్ల ప్యాకింగ్ రింగు వేస్తారు. 863 అయితే 26 మిల్లీమీటర్ల రింగు. పైగా ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య తేడా అర మిల్లీమీటరుకు, ఒక ట్రాలీలో 5కు, మొత్తం పెట్టెలో 13కు మించకూడదు. అంటే వీల్ షాపు చెక్కి పంపితే చాలదు, జత కూడా కుదర్చాలి. ట్రాలీ షాపు రింగును ఎంచుకునేది వీల్ షాపు ఇచ్చిన ఆ అంకెను నమ్మే. అంకె తప్పితే పెట్టెను మళ్ళీ లేపాలి. అంతసేపూ క్రేను దానికే కట్టుబడి ఉంటుంది, వెనక వరుస నిలిచిపోతుంది.

అందుకే ఉదయం సమావేశంలో ‘ఎంత శాతం అయింది?’ అని అడగడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. ‘ఏది అందక ఆగింది?’ అని అడిగితే పని కదులుతుంది.

ఐసీఎఫ్ నమూనా పెట్టెల తయారీ 2018లో ఆగింది. ఇప్పుడు వరుసలో లింకే హాఫ్‌మన్ బుష్ (ఎల్‌హెచ్‌బీ) నమూనా పెట్టెలు పెరుగుతున్నాయి. వాటి ఒళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి తుప్పు పని తగ్గుతుంది. కానీ బ్రేకు డిస్కులు ఇరుసు మీదే ఉంటాయి. కనుక చివర్లో కలిసే బ్రేకు షాపు ఇకపై చక్రం లేతు ఎక్కేటప్పటికే వీల్ షాపుతో మాట్లాడుకుని ఉండాలి.