లెవయాథన్: ఒక వాదనలోని పనితనం

నలభై ఏళ్లు వచ్చేదాకా థామస్ హాబ్స్ జ్యామితి ముఖం చూడలేదని, ఆయన మిత్రుడూ జీవితకథ రాసినవాడూ అయిన జాన్ ఆబ్రీ చెబుతాడు. ఎవరో పెద్దమనిషి గ్రంథాలయంలో యూక్లిడ్ పుస్తకం మొదటి భాగం 47వ సిద్ధాంతం దగ్గర తెరిచి ఉంది. మనం బడిలో పైథాగరస్ పేరుతో చదువుకునే సిద్ధాంతమే అది. హాబ్స్ చదివి, ఇది అసంభవం అనుకున్నాడు. నిరూపణలోకి దిగితే అది అంతకు ముందరి సిద్ధాంతాన్ని చూడమంది. అది ఇంకా ముందరిదాన్ని చూడమంది. అలా ఒక్కో మెట్టూ వెనక్కి దిగి తొలి మాటల దాకా వెళ్లేసరికి, అసంభవం అనుకున్నది ఒప్పుకోక తప్పని సత్యమై కూర్చుంది.

మనిషి రాజ్యానికి ఎందుకు లోబడాలి అన్న ప్రశ్నకు హాబ్స్ ఇచ్చిన సమాధానం కూడా ఆ పద్ధతిలోనే తయారైంది. 1651లో లండన్‌లో అచ్చయిన ‘లెవయాథన్’ 47 అధ్యాయాల పుస్తకం. సామాజిక ఒడంబడిక సిద్ధాంతానికి ఆధునిక రూపం ఇచ్చిన గ్రంథాల్లో మొదట తలచుకునేది దాన్నే. సార్వభౌముడికి తిరుగులేని అధికారం ఉండాలన్న దాని ముగింపు చాలామందికి తెలుసు. ముగింపు ఒక్కటే చూస్తే బెదిరించినట్టే ఉంటుంది. వెనక్కి దిగి చూస్తే మాత్రం, ఒక్కో భాగాన్ని ఎంత ఓపికగా చెక్కాడో, దేని బరువును దేని మీద మోపాడో తెలుస్తుంది.

అది రాసిన కాలం కూడా అలాంటి జాగ్రత్తను కోరింది. 1640 చివర్లో రాజుకూ పార్లమెంటుకూ చెడుతుండగా హాబ్స్ పారిస్ వెళ్లిపోయాడు. 1642లో అంతర్యుద్ధం మొదలైంది. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ రాజుకు శిరచ్ఛేదం జరిగింది. రాజ్యాధికారం దేవుడిచ్చాడన్నవాళ్లూ, పూర్వాచారం ఇచ్చిందన్నవాళ్లూ, పార్లమెంటుదన్నవాళ్లూ ఒకరి మాట ఒకరు వినే స్థితిలో లేరు. వీటిలో దేని మీద కట్టినా మిగతావాళ్లు కూలదోస్తారు. అందుకని అందరూ ఒప్పుకోదగిన నేల కోసం హాబ్స్ వెతికాడు. ఆయనకు దొరికిన నేల మనిషి శరీరం.

రాజకీయ గ్రంథమైనా మొదటి అధ్యాయం ఇంద్రియానుభవం గురించి. బయటి వస్తువు కంటినో చెవినో తాకితే లోపల ఒక కదలిక పుడుతుంది. అది సన్నగిల్లుతూ మిగిలితే ఊహ, జ్ఞాపకం. అయిదో అధ్యాయంలో తర్కం అంటే కూడికా తీసివేతా అని తేలుతుంది. ఆరో అధ్యాయంలో, లోపలి కదలిక ఒక వస్తువు వైపు సాగితే కోరిక, దాన్నుంచి తప్పుకుంటే వైముఖ్యం. ఒక పని చేయాలా వద్దా అని ఈ రెండూ మనసులో మార్చి మార్చి వస్తుంటాయి. పనికి ముందు ఆఖరున నిలిచినదే సంకల్పం.

ఈ చిన్న నిర్వచనం దగ్గర కాసేపు ఆగాలి. సంకల్పం ఆఖరున నిలిచిన కోరికే అయితే, భయం వల్ల పుట్టిన సంకల్పమూ సంకల్పమే. ఓడ మునుగుతుందన్న భయంతో సరుకును సముద్రంలో పారేసేవాడు తన ఇష్టంతోనే పారేస్తున్నాడని హాబ్స్ 21వ అధ్యాయంలో అంటాడు. 14వ అధ్యాయంలో, పాలనే లేని ప్రకృతి స్థితిలో భయపడి చేసుకున్న ఒప్పందానికీ కట్టుబడాల్సిందే అంటాడు. మనుషులు ముందు ముందు చావు భయంతోనే రాజ్యాన్ని కట్టుకోబోతున్నారు. భయంతో ఇచ్చిన మాట చెల్లదని అప్పుడు ఎవరూ లేవకుండా, ఆ అభ్యంతరానికి జవాబును పదకొండు అధ్యాయాల ముందే సిద్ధం చేసి పెట్టాడు.

తరువాతి ముఖ్య భాగం 13వ అధ్యాయం. పాలన లేని చోట మనుషులు ఎలా ఉంటారన్నది విషయం. ఇందులో వాడిన సామగ్రి చాలా తక్కువ. మొదటిది సమానత్వం. ఎంత బలహీనుడైనా, పన్నాగంతోనో ఇంకొకరితో చేతులు కలిపో, అందరికన్నా బలవంతుణ్ణి చంపగలడు. ఆ మేరకు అందరూ సమానం, కాబట్టి ఎవరి బలమూ వాళ్లకు చాలినంత రక్షణ ఇవ్వదు. రెండోది తగవుకు మూడు కారణాలు: లాభం కోసం పోటీ, ఎదుటివాడి మీద అపనమ్మకం, ప్రతిష్ఠ కోసం పాకులాట.

మూడింటిలో నడిమిదే అన్నిటికన్నా తెలివైన భాగం. పోటీకి ఆశపోతు కావాలి, ప్రతిష్ఠకు గర్విష్ఠి కావాలి. అపనమ్మకానికి ఉన్నదానితో తృప్తిపడే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు చాలు. పొరుగువాడు నిజంగా తృప్తిపరుడేనా అని ఇతను తెలుసుకునే దారి లేదు, అతనికీ లేదు. దెబ్బ పడేలోగా దెబ్బ తీయడమే క్షేమమని ఇద్దరి బుద్ధీ చెబుతుంది. హాబ్స్ మనుషులను దుర్మార్గులన్నాడని చాలామంది అంటారు. దుర్మార్గం అవసరం లేకుండానే వాదన నడిచేలా చూసుకోవడం ఆయన నేర్పు.

యుద్ధాన్ని నిర్వచించడంలోనూ అంతే జాగ్రత్త. ఆయన దాన్ని వాతావరణంతో పోల్చాడు. ఒకటి రెండు జల్లులు పడితే ముసురు అనం, రోజుల తరబడి అదే వాలకం కనిపిస్తే అంటాం. అలాగే, కొట్లాటకు అందరూ సిద్ధపడి ఉన్నారని తెలిసిన కాలమంతా యుద్ధమే, కత్తులు దూసినా దూయకపోయినా. అలాంటి కాలంలో సేద్యం సాగదు, ఓడలు తిరగవు, విద్యలు నిలవవు. పంట చేతికొస్తుందన్న నమ్మకం లేనివాడు విత్తనం వేయడు. నమ్మలేని పాఠకుణ్ణి హాబ్స్ తన ఇంటినే ఒకసారి చూసుకోమంటాడు. రాత్రిళ్లు తలుపుకు గడియ ఎందుకు, ఇంట్లో ఉన్నది సొంత పిల్లలూ నౌకర్లే అయినా పెట్టెకు తాళం ఎందుకు? చట్టమూ కాపలా ఉన్న ఊళ్లోనే ఇంత జాగ్రత్త పడే మనిషి, అవి లేని చోట ఎలా ఉంటాడో వేరే చెప్పనక్కర్లేదు.

బయటపడే దారిని కూడా బుద్ధే చూపిస్తుంది. వీలున్నంత వరకు శాంతిని కోరాలన్నది మొదటి ప్రకృతి నియమం. ఇతరులూ సిద్ధపడితే, అన్నిటి మీదా తనకున్న హక్కును వదులుకోవాలన్నది రెండోది. చేసుకున్న ఒప్పందం నిలబెట్టుకోవాలన్నది మూడోది. ఇలా 14, 15 అధ్యాయాల్లో 19 నియమాలు లెక్కిస్తాడు. చిక్కంతా రెండో నియమంలోని షరతులో ఉంది. ముందుగా ఆయుధం దించినవాడు తనను తాను ఎదుటివాడికి అప్పగించుకున్నట్టే. మాట తప్పినవాణ్ణి శిక్షించే శక్తి ఉంటేనే ఒప్పందం నిలుస్తుంది. ఆ శక్తి పుట్టాలంటే ముందు ఒప్పందం నిలవాలి.

ఈ ముడిని విప్పే పనిముట్టు 16వ అధ్యాయంలో ఉంది. మనిషిని గురించిన మొదటి భాగానికి అదే ఆఖరి అధ్యాయం, దాని తరువాత రాజ్యాన్ని గురించిన భాగం మొదలవుతుంది. రెంటినీ కలిపే కీలును సరిగ్గా అక్కడ పెట్టాడు. హాబ్స్ ఇక్కడ కర్తనూ పాత్రధారినీ వేరు చేస్తాడు. మాట్లాడేదీ చేసేదీ పాత్రధారి, ఆ మాటా ఆ చేతా చెందేది కర్తకు. వకాల్తా మీద సంతకం పెట్టాక కోర్టులో వకీలు చెప్పింది కక్షిదారు చెప్పినట్టే లెక్క కదా, అలాంటిదే. దీన్ని గుంపుకు వర్తింపజేసినప్పుడు అసలు విశేషం బయటపడుతుంది. వెయ్యి మందికి ఒకే నోరు లేదు, ఒకే సంకల్పం లేదు. వాళ్లలో ప్రతి ఒక్కరూ విడివిడిగా ఒకే ప్రతినిధికి అధికారం ఇస్తే, అతని ద్వారా ఒక్కటవుతారు. ఆ ఏకత్వం ఉండేది ప్రతినిధిలోనే.

ఇక 17వ అధ్యాయంలో ఒడంబడిక కుదురుతుంది. ఎవరెవరి మధ్య కుదురుతుందో గమనించాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఇలాంటి కథ ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగే మాత్స్యన్యాయంతో వేగలేక ప్రజలు మనువును రాజుగా చేసుకుని, ధాన్యంలో ఆరో వంతు, సరుకులో పదో వంతు అతని భాగంగా నిర్ణయించారు. బదులుగా వాళ్ల యోగక్షేమాలు రాజు చూడాలి. అక్కడ ఇచ్చిపుచ్చుకోవడం రాజుకూ ప్రజలకూ మధ్య. హాబ్స్ ఒడంబడికలో రాజు ఒక పక్షం కాడు. ప్రతి మనిషీ ప్రతి మనిషికీ మాట ఇస్తాడు. తన మీద తనకున్న అధికారాన్ని ఒక వ్యక్తికో సభకో ఇస్తానని, వాళ్ల చేతలకు తానే కర్తనని, ఎదుటివాడూ అంతే చేయాలని ఆ మాట సారం.

ఇలా అమర్చడానికి బలమైన కారణాలున్నాయి. ఒడంబడికకు ముందు ఉన్నది గుంపే గనుక, రాజుతో ఒప్పందం చేసుకోవడానికి ‘ప్రజలు’ అనే పక్షం ఇంకా పుట్టలేదు. పుట్టిందనుకున్నా, రాజు మాట తప్పాడో లేదో తీర్పు చెప్పేదెవరు? చెప్పగలవాడు ఒకడుంటే అతనే అసలు సార్వభౌముడు. లేకుంటే తీర్పు మళ్లీ కత్తిదే. ఇందాకటి ముడి కూడా ఇక్కడ విడిపోతుంది. అందరూ ఒకరికే అధికారం ఇవ్వడంతోనే శిక్షించే శక్తి పుడుతుంది. ఒప్పందమూ దాన్ని నిలబెట్టే బలమూ ఒకే క్షణంలో రూపుకడతాయి.

అబ్రహాం బోస్ చెక్కాడని చెప్పే ముఖచిత్రం ఈ అమరికనంతా ఒక్క పేజీలో చూపిస్తుంది. కొండల వెనక నుంచి కిరీటం పెట్టుకున్న మహాకాయుడు లేచాడు. కుడి చేతిలో కత్తి, ఎడమ చేతిలో బిషప్ దండం. కవచంలా కనిపించే దేహాన్ని దగ్గరగా చూస్తే, మూడు వందలకు పైగా చిన్న చిన్న మనుషులు. మన వైపు వీపు పెట్టి, అందరూ అతని ముఖం వైపే తిరిగి ఉన్నారు. వాళ్లు లేకపోతే అతనికి దేహం లేదు. అతని తల లేకపోతే వాళ్లు ఒక్క దేహం కారు. 16వ అధ్యాయం సారమంతా ఆ గీతల్లో ఉంది.

ఫలితం కఠినమైనది. సార్వభౌముడి చేతలకు కర్తలం మనమే గనుక, అతను అన్యాయం చేశాడని అతని మీద నేరం మోపడానికి వీల్లేదు. ఏ సిద్ధాంతాలు బోధించవచ్చో కూడా అతనే నిర్ణయిస్తాడు. ఇది చదివి ఉలిక్కిపడటం సహజం, అవసరం కూడా. అయితే 21వ అధ్యాయం దాకా చదవాలి. తనను తాను చంపుకోమన్నా, మీదికొచ్చినవాణ్ణి ఎదిరించవద్దన్నా, తిండీ గాలీ మందూ మానుకోమన్నా మనిషి కాదనవచ్చు. తన నేరాన్ని తానే ఒప్పుకోనక్కర్లేదు. సార్వభౌముడికి కాపాడే శక్తి ఉన్నంత కాలమే విధేయత. ఇవేవీ దయతలచి తరువాత అతికించినవి కావు. ప్రాణం కాపాడుకోవడానికే హక్కులు వదులుకున్న మనిషి, ప్రాణం కాపాడుకునే హక్కును వదులుకున్నాడనడంలో అర్థం లేదు. యంత్రాన్ని నడిపే చావు భయమే, అది ఎక్కడ ఆగాలో కూడా చెబుతుంది. ఒకే భాగం ఈ రెండు పనులూ చేయడం గమనించినప్పుడు హాబ్స్ మీద నా గౌరవం రెట్టింపైంది.

కాపాడలేని రాజుకు విధేయత అక్కర్లేదంటే, చార్లెస్‌ను ఓడించినవాళ్లకు లోబడవచ్చని చెప్పినట్టే. రాజపక్షానికి అది మింగుడు పడలేదు. హాబ్స్ 1679లో, తన 91వ ఏట కన్నుమూశాడు. 1683లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఖండించి తగలబెట్టమన్న పుస్తకాల్లో లెవయాథన్ ఒకటి.

తరువాత వచ్చినవాళ్లు ఈ చట్రంలో ఒక్కో భాగాన్ని మార్చారు. 1689లో ‘టూ ట్రీటిసెస్ ఆఫ్ గవర్నమెంట్’ వెలువరించిన జాన్ లాక్, పాలకుడి అధికారాన్ని ప్రజలు నమ్మి అప్పగించినదిగా చేసి, నమ్మకం వమ్మయితే వెనక్కి తీసుకోవచ్చన్నాడు. 1762లో రూసో ‘సామాజిక ఒడంబడిక’లో బయటి ప్రతినిధిని తీసేసి, ఒక్కటైన ప్రజలనే సార్వభౌములను చేశాడు. 1971లో జాన్ రాల్స్ ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో ప్రకృతి స్థితి ఉన్న చోట, ఎవరి స్థానం ఏదో ఎవరికీ తెలియని ఒక ఊహాస్థితిని పెట్టాడు. ఎవరు ఏ భాగాన్ని మార్చారో ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే, అతుకులు దాచకుండా పనిచేసిన హాబ్స్ పుణ్యమే.

ఆయన ముగింపు నేను ఒప్పుకోను. ఒప్పుకోనివాణ్ణి, ఏ మెట్టు దగ్గర కాదంటున్నావో చూపించమని పుస్తకమే అడుగుతుంది. ఆఖరి తీర్పు ఒక్కచోటే ఉండాలన్న మెట్టు దగ్గర నేను కాదంటాను. ఆ పనిని కోర్టులకూ చట్టసభలకూ ఎన్నికలకూ పంచిపెట్టిన రాజ్యాలు కూలిపోకుండా నిలిచాయి. కానీ ఆ మెట్టును వేలు పెట్టి చూపించగలగడం హాబ్స్ దగ్గర నేర్చిన విద్యే. పాలకుడి అధికారం ఎంత పెద్దదైనా ఒక్కో మనిషి ఇవ్వగా వచ్చినదేనని, ఇచ్చినది ఎంతో, ఇవ్వకుండా ఉంచుకున్నది ఏమిటో మొదటి నుంచి చివరి దాకా లెక్క చూపాలని ఆయన పట్టుబట్టాడు. అధికారాన్ని సమర్థించేవాళ్లూ ప్రశ్నించేవాళ్లూ ఇప్పటికీ ఆ లెక్క చూపాల్సిందే.