తిరుపతమ్మ ముఖం, వంటలక్క గొంతు

ఈ వారం పనిమీద నందిగామ పక్కన మా తమ్ముడింటికి వెళ్లాను. మిరపకోతల రోజులు. రాత్రి అన్నాలయ్యాక టీవీ పెట్టారు. సీరియల్లో కథానాయిక కూలికెళ్లి మిరపకాయలు కోస్తోంది. పెదాలకు రంగు, చెంపలకు రంగు, చెదరని జుట్టు, గాజుల చేతులు. ఉత్త చేతులతో ఒక్కో కాయా మల్లెపూవు కోసినట్టు కోస్తోంది.

మా మెట్టలో మిరప కోసేవాళ్లను చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మగవాళ్ల పాత పొడుగుచేతుల చొక్కా చీరమీద తొడుక్కుంటారు. తలకీ ముక్కుకీ కలిపి తువ్వాలు చుడతారు. వేళ్లకు గుడ్డపీలికలు కట్టుకుని సాలులోకి దిగుతారు. ఇన్ని చేసినా పొద్దుగూకేసరికి చేతులు భగ్గుమంటాయి. ఇంటికొచ్చి, సబ్బుతో రుద్ది, కొబ్బరినూనె రాసుకుని, అప్పుడు కూడా చంటిపిల్లను ఎత్తుకోవడానికి జంకుతారు. చెయ్యి బిడ్డ కంటికి తగిలితే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

ఆ మాటే పైకి అన్నాను. పొద్దుటినుంచీ కోతల్లో ఉండి వచ్చిన మా మరదలు టీవీ మీదినుంచి చూపు తిప్పకుండానే, ‘పొద్దంతా చేలో మమ్మల్ని మేం చూసుకుంటానే ఉంటాం గదా బావగారూ, రాత్రి టీవీలో కూడా మమ్మల్నే చూడమంటారా?’ అంది.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవారికి సీరియళ్ల మీద నా రెండు పాత గోడులూ కంఠతా వచ్చి ఉంటాయి. ముఖాన అంత రంగు దేనికన్నది ఒకటి. తెరమీద నోరు ఒకరిదీ గొంతు ఇంకొకరిదీ ఏమిటి, తెలుగు మాట్లాడే అమ్మాయిలు తెలుగుదేశంలో కరువయ్యారా అన్నది రెండోది. ఈ వారం రెంటినీ కలిపి గట్టిగా రాద్దామనే కూర్చున్నాను. కూర్చోగానే కృష్ణకుమారి గుర్తొచ్చింది.

మా నందిగామ, జగ్గయ్యపేట వైపు కృష్ణకుమారి అంటే సినిమా నటి మాత్రమే కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ ఇక్కడ ప్రతి గడపకూ తెలుసు. మునేరు ఒడ్డున కాపురానికొచ్చిన పిల్ల అత్తింట పడరాని పాట్లు పడింది. మొగుడు గోపయ్య పశువుల్ని తోలుకుని అడవికి పోయి పులివాత పడ్డాడు. ఆయన వెనకే ఆమె అగ్నిలో కలిసిపోయింది. ఆ కథను 1963లో బి.ఎస్. నారాయణ ‘శ్రీ తిరుపతమ్మ కథ’ పేరుతో సినిమా తీశాడు. గోపయ్య ఎన్టీ రామారావు, తిరుపతమ్మ కృష్ణకుమారి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా రెండు ఊళ్లూ పడ్డ కొత్త జిల్లాకు ఆ గోపయ్య వేషం కట్టినాయన పేరే పెట్టారు. తిరుపతమ్మ వేషం కట్టినావిడ పేరు మా ప్రాంతంలో ఒక వీధికి పెట్టినట్టు కూడా నేను వినలేదు. అది నాకు కష్టంగానే ఉంటుంది.

ఆ సినిమా నేను చూసింది విడుదలైన చాలా ఏళ్లకు, తిరునాళ్ల రోజుల్లో డేరా హాల్లో మళ్లీ వేసినప్పుడు. మా నాయనమ్మ బండి కట్టించి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లింది. ఒకటే ప్రొజెక్టరు, రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. వెలిగినప్పుడల్లా ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటూ కనపడేవాళ్లు. నేలమీద మా ముందు కూర్చున్న ముసలావిడ తాంబూలం పళ్లెంలో కర్పూరం తెచ్చుకుంది. చివర్లో లేచి తెరకు హారతి ఇచ్చింది. డేరా అంటుకుంటుందని గేటు దగ్గరి మనిషి పరుగున వచ్చాడు గానీ, దగ్గరికొచ్చాక అతనూ చేతులు జోడించాడు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కొన్నాళ్లకు అదే డేరాలో ‘బందిపోటు’ వచ్చింది. విఠలాచార్య జానపదం. అందులోనూ రామారావే, కృష్ణకుమారే. ఆమె రాజకుమారి. నగలు, కిరీటం, పొగరు. మా మేనత్త ‘అమ్మవారి వేషం కట్టిన మనిషి ఇదేం తైతక్కలమ్మా’ అని ముఖం చిట్లించింది. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. సినిమా అంతా కన్నార్పకుండా చూసి, దారిలో బండిలో చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, ‘పోన్లేవే, ఆ తల్లీ గోపయ్యా ఈ జన్మలోనన్నా సుఖపడ్డారు’ అంది. నటన గురించి తర్వాత నేను చదివిన ఏ పుస్తకమూ నన్ను అంతగా ఆపలేదు. ఒక మనిషి ముఖం ఇంకో జన్మ ఎత్తగలదని ఒక నిరక్షరాస్యురాలు నమ్మింది. ఆ నమ్మకం కుదిరేలా చేసింది తెరమీది ఆ అమ్మాయి.

ఆ రెండు సినిమాలూ వచ్చింది ఒకే ఏడాదిలో అని నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. 1963. అదే ఏడు ‘లక్షాధికారి’, అదే ఏడు ‘పునర్జన్మ’, అదే ఏడు ‘చదువుకున్న అమ్మాయిలు’. పల్లెటూరి పతివ్రత, పొగరుబోతు రాకుమారి, పట్నపు చదువుకున్న పిల్ల, అన్నీ పన్నెండు నెలల్లో. ‘చదువుకున్న అమ్మాయిలు’లో పక్కన సావిత్రి ఉంది. సావిత్రి పక్కన నిలబడి కనపడటమే ఆ రోజుల్లో ఒక పరీక్ష. కృష్ణకుమారి కనపడింది. అయినా పత్రికలు ఆమెను అందగత్తె అని రాసి ఊరుకున్నాయి. అందం మీద అన్ని వాక్యాలు ఖర్చుపెట్టినవాళ్లు ఆమె ఎంత తక్కువ చేసి ఎంత చెప్పేదో ఒక్క వాక్యం రాయలేదు. ఆమె వెంపటి చినసత్యం దగ్గర కూచిపూడి నేర్చుకున్న మనిషి. నాట్యం వచ్చినవాళ్లకు కెమెరా ముందు కళ్లూ చేతులూ ఊరుకోవు. ఆమె వాటిని ఊరుకోబెట్టింది. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ వింటూ ఉండేది. నిజంగా వినేది. ‘భార్యాభర్తలు’ (1961) చూడండి, నాగేశ్వరరావు మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం చూడండి.

ఇక్కడే నా రెండో గోడు నాకు అడ్డం తిరిగింది. కృష్ణకుమారి పుట్టింది మన ఊళ్లలో కాదు, బెంగాల్లోని నైహాటీలో, 1933లో. తండ్రి ఉద్యోగం ఎటు తిప్పితే అటు తిరిగి ఆ కుటుంబం చివరికి మద్రాసు చేరింది. 1951లో ‘నవ్వితే నవరత్నాలు’తో కథానాయిక అయింది. తెలుగుతో పాటు కన్నడంలోనూ నటించింది, రాజ్‌కుమార్ ‘భక్త కనకదాస’లో ఉంది. పెళ్లయ్యాక సినిమాలు తగ్గించుకుని బెంగళూరులో స్థిరపడి, 2018 జనవరి 24న అక్కడే కన్నుమూసింది. బెంగాల్లో పుట్టి కర్ణాటకలో పోయిన మనిషి మా మునేటి ఒడ్డు తిరుపతమ్మ అయినప్పుడు, ఇవాళ బెంగళూరు నుంచి హైదరాబాదు వచ్చి తెలుగు సీరియల్లో కోడలి పాత్ర వేసే అమ్మాయిని ‘ఎక్కడిదానివి’ అని నేనెందుకు నిలదీయాలి?

సరే, రంగు సంగతి.

పెనుగంచిప్రోలు గుడి గురించి తెలిసినవారికి రంగుల ఉత్సవం గురించి చెప్పాల్సిన పనిలేదు. రెండేళ్లకోసారి తిరుపతమ్మ, గోపయ్యల కొయ్యవిగ్రహాలను ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకొచ్చి, అక్కడి రంగుల మండపంలో కొత్తగా రంగులు వేయిస్తారు. వాటిని తిరిగి తీసుకెళ్లేటప్పుడు దారిపొడుగునా జనం. పాత రంగు పోయింది, కొత్త రంగు పడింది, ముఖం కొద్దిగానైనా మారి ఉంటుంది. ‘ఈమె మా అమ్మ కాదు’ అని అన్నవాళ్లు ఒక్కరూ నాకు తగల్లేదు. ‘అమ్మ కళ చూడండి’ అంటారు. ఆ రోజు అమ్మవారి ముఖం నిగనిగలాడాలి, లేకపోతేనే వాళ్లకు లోటు. ఏడాది పొడుగునా ఎండలో మాడిన ముఖాలు వాళ్లవి. అవి తలెత్తి చూసేది ఒక వెలుగును. మా మరదలు టీవీ ముందు కూర్చుని అడిగింది కూడా అదే కదా.

పైగా, ఈ దశాబ్దంలో తెలుగిళ్లలో అందరికంటే ఎక్కువ ప్రేమ దక్కించుకున్న ముఖం ఏది? ‘కార్తీకదీపం’ సీరియల్లో వంటలక్క. ఆ సీరియల్ 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచింది, 2024లో మళ్లీ మొదలైంది. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ఆ కథ కూడా మొదట మలయాళంలో ‘కరుత్తముత్తు’గా వచ్చిందే, అక్కడా మొదట్లో నాయిక ఆమే. ఆమె మామూలుగా తెల్లగా ఉంటుంది, పాత్ర కోసం నల్లరంగు పూశారు. నల్లటి పిల్ల కథ చెప్పడానికి నల్లటి నటే దొరకలేదా అన్న ప్రశ్న నాకిప్పటికీ ఉంది, దాన్ని వదులుకోను. కానీ ఆ రంగు కిందినుంచి ఆమె పడిన అవమానం మా ఊళ్ల దాకా వచ్చి తగిలింది. నల్లగా ఉందని సంబంధాలు తప్పిపోయిన పిల్లలున్న ఇళ్లలో ఆ సీరియల్ టైముకు పక్కింటికి కూడా వెళ్లేవాళ్లు కారు. రంగు మనిషిని దాచేస్తుందన్న నా సిద్ధాంతం వంటలక్క ముందు నిలవదు. ముఖంలో ప్రాణం ఉంటే రంగు దాన్ని ఆపలేదు. లేకపోతే రంగు కడిగేసినా రాదు.

మరి సీరియళ్లలో చాలా ముఖాలు బొమ్మల్లా ఎందుకుంటాయి? తీరిక లేక. రోజూ ప్రసారం, రోజూ షూటింగు. పొద్దున చేతికొచ్చిన సీను మధ్యాహ్నానికి అయిపోవాలి. కెమెరా పక్కన నిలబడ్డ ప్రాంప్టరు ఒక్కో ముక్కా అందిస్తాడు, ఆమె అందుకుని అంటుంది. ఎదుటివాడి మాట వినాల్సిన చెవి ప్రాంప్టరు వైపు ఉంటుంది. కృష్ణకుమారి అంత బాగా చేసిన ఆ ఒక్క పనికీ, వినడానికి, ఇక్కడ చోటే లేదు. అది ఆ అమ్మాయి తప్పు కాదు, ఆమె ముఖాన ఉన్న రంగు తప్పూ కాదు.

ఇక గొంతు. డబ్బింగు గదిలో ఒకమ్మాయి ఒంటరిగా మైకు ముందు నిలబడి ఉంటుంది. తెరమీద ఎవరో ఏడుస్తుంటారు. ఆ పెదవి తెరుచుకున్నప్పుడు ఈమె మాట మొదలవ్వాలి, మూసుకున్నప్పుడు ఆగాలి. మాటలు పట్టుకోవడం అలవాటైతే వచ్చేస్తుంది. కష్టమల్లా ఊపిరి. వెక్కిళ్ల మధ్య ఊపిరి ఎక్కడ తీసిందో, ఎక్కడ మింగిందో కనిపెట్టి, అక్కడే తన ఊపిరి పెట్టాలి. పెట్టకపోతే బొమ్మ ఏడ్చినట్టుంటుంది. ఇది తక్కువ నటన అని ఎవరనగలరు? వంటలక్క ముఖం కేరళది కావచ్చు, ఆమె తెలుగు ఏడుపు మాత్రం ఒక తెలుగు కళాకారిణి గొంతులోంచి వచ్చింది. ఐదేళ్లకు పైగా రోజూ ఆ గొంతు విన్న మా మరదలికి ఆమె పేరు తెలియదు.

సినిమాల్లో ఒకప్పుడు రోజారమణి, సరిత గొంతులు వినగానే గుర్తుపట్టేవాళ్లం. నంది బహుమతుల్లో డబ్బింగు కళాకారులకూ ఒకటి ఉండేది. ఇంకా వెనక్కి పోతే, తెరమీద కృష్ణకుమారి పాడిన పాటలేవీ ఆమె గొంతువి కావు. ఎక్కువగా పి. సుశీలవి, ఎస్. జానకివి. దాన్ని ఎవరమూ మోసం అనుకోలేదు. ఎందుకంటే విజయవాడ రేడియో కేంద్రం పాట వేసేముందు చిత్రం పేరు, రాసినవారి పేరు, పాడినవారి పేరు తీరిగ్గా చెప్పేది. మిరపచేలో కలుపు తీస్తూ విన్న పిల్లకు కూడా సుశీల ఎవరో తెలుసు. పాటకు గొంతు అరువిచ్చినందుకు అంత గౌరవం ఇచ్చిన మనం, మాటకు గొంతు అరువిస్తే పేరెందుకు చెప్పం?

సీరియల్ చివర పేర్లు పడేచోట ఇప్పుడు రేపటి ఎపిసోడ్ ముక్క వేస్తున్నారు, పేర్లు అడుగున చీమల బారులా పరిగెడుతున్నాయి. కళ్లజోడు పెట్టుకున్నా అందవు. ఛానెళ్లవారిని నేను అడిగేది ఒకటే. వారానికి ఒక్క రోజు, శుక్రవారమో శనివారమో, ఎపిసోడ్ అయ్యాక తెర మొత్తం ఇచ్చి, ఫలానా పాత్రకు మాట ఫలానా అమ్మాయి అని చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయండి. పది సెకన్లు పడుతుంది.