మంగళవారం బల్ల

"మాస్టారూ, పబ్బుల మీద పుస్తకం రాశాను. ముందుమాట మీరే రాయాలి" అని మా అమ్మాయి అడిగినప్పుడు వెంటనే సరేననలేకపోయాను. మా అమ్మాయి అంటే నేను కన్న కూతురు కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట విజయనగరంలో నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్న పిల్ల. ఆ రోజుల్లోనే ఏది రాసినా ముందు నాకు తెచ్చి చూపించేది. తర్వాత ఉద్యోగం మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయింది. అడిగిందే తడవుగా రాసిచ్చేంత చనువు మా మధ్య ఉంది. అడ్డొచ్చింది పబ్బు అన్న మాట.

మన నేల మీద తాగుడు అంగడిని మెచ్చుకుంటూ రాయడానికి చెయ్యి ఆడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు ఊరూరికీ అంటుకుంది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ రోజుల్లో మా వీధిలో చూసిన కాపురాలు ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి. కూలి డబ్బు ఇల్లు చేరకముందే కొట్టులో ఆవిరైపోతే, పిల్లలు పక్కింటి అరుగు మీద కూర్చుని వాళ్ళ వంటింట్లోంచి వచ్చే అన్నం వాసన పీల్చేవాళ్ళు. అవి చూసినవాడికి పబ్బు అన్న మాట చెవిన పడగానే మనసు ముడుచుకుంటుంది. "ముందు రాతప్రతి పంపమ్మా, చదివి చెప్తాను" అన్నాను.

రెండు రాత్రుల్లో చదివేశాను. మూడో రోజు పొద్దున్నే ఈ ముందుమాట మొదలుపెట్టాను.

పబ్ అంటే పబ్లిక్ హౌస్, పదిమంది ఇల్లు. ఈ పుస్తకంలో తాగుడు కంటే కూర్చోవడం ఎక్కువ, కూర్చోవడం కంటే తినడం ఎక్కువ. పగలు పన్నెండింటికి పిల్లల్ని తీసుకుని భోజనానికి వచ్చే తల్లిదండ్రులూ, కుక్కను కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుని సూప్ తాగే ముసలివాళ్ళూ, ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని సాయంత్రమంతా పుస్తకం చదువుకునే విద్యార్థులూ ఇందులో ఉన్నారు. మన బార్లలో తలుపుకు తెర ఉంటుంది, లోపల చీకటి ఉంటుంది. అక్కడి మంచి పబ్బు కిటికీలోంచి లోపలి మనుషులు వీధికి కనబడతారు. ఆ తేడాను మా అమ్మాయి మొదటి అధ్యాయంలోనే పట్టుకుంది.

ఆమె ఇంగ్లండు నుంచి మొదలుపెట్టకపోవడం నాకు మరీ నచ్చింది. ఓరుగల్లు నుంచి మొదలుపెట్టింది. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అక్కడ లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి వంటకం వంటకం చొప్పున చెప్పాడు. కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. పూటకూళ్ళ ఇంటిని సాహిత్యంలో కూర్చోబెట్టడం మనవాళ్ళకు కొత్త కాదన్నమాట. ఆ తర్వాత గురజాడ ఉన్నాడు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉంది, 1909 నాటి రెండో కూర్పులో సారా దుకాణం రంగమూ ఉంది. విజయనగరంలో పాఠం చెప్పినవాణ్ణి గనక ఆ రెండు పేజీలూ చదువుతుంటే నా తరగతి గది గుర్తొచ్చింది. ఎవరి దేశాన్ని గురించి రాస్తున్నా మన గుమ్మంలోంచే బయలుదేరాలని ఒకప్పుడు నేను చెప్పిన మాట ఈ పిల్ల మరిచిపోలేదు.

పుస్తకానికి ప్రాణం మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంది. అక్కడ సెయింట్ జైల్స్ అనే వెడల్పాటి వీధిలో ఈగిల్ అండ్ చైల్డ్ అని ఒక పాత పబ్బు. గద్ద బిడ్డను ఎత్తుకుపోతున్న బొమ్మ దాని గుర్తు. అలవాటు పడ్డవాళ్ళు బర్డ్ అండ్ బేబీ అనేవాళ్ళు. మా అమ్మాయి దాన్ని పిట్టా పాపా అని తెలుగు చేసింది, ఆ పేరు చదివినప్పుడల్లా నాకు ముద్దొచ్చింది. ముందువైపు ఇరుకు గదులు, వెనక రాబిట్ రూమ్ అనే గది. 1930లు, 40ల్లో రచయితలు సి.ఎస్. లూయిస్, జె.ఆర్.ఆర్. టోల్కీన్, చార్లెస్ విలియమ్స్, లూయిస్ అన్నగారు వారెన్, మరికొందరు మంగళవారం మధ్యాహ్నం పూట ఆ గదిలో కలిసేవాళ్ళు. ఆ గుంపు పేరు ఇంక్లింగ్స్.

చాలామంది ఇక్కడొక పొరపాటు చేస్తారు. టోల్కీన్ నవల ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆ పబ్బు బల్ల మీదే చదివి వినిపించారని రాసేస్తారు. రాతప్రతులు చదువుకోవడం ఎక్కువగా గురువారం రాత్రుళ్ళు, మాడ్లిన్ కాలేజీలో లూయిస్ ఉండే గదుల్లో జరిగేది. మంగళవారం పబ్బులో జరిగేది కబుర్లు. ఈ పుస్తకం ఆ సంగతి గట్టిగా చెబుతుంది, చెప్పి అక్కడితో ఆగదు. 1949లో గురువారాలు ఆగిపోయాయి, మంగళవారం మాత్రం నడిచింది. లూయిస్ కేంబ్రిడ్జ్‌లో ఆచార్య పదవికి వెళ్ళాక, ఆయన రైలెక్కే రోజుకు కుదిరేలా మిత్రులు ఆ మంగళవారాన్ని సోమవారానికి మార్చుకున్నారు. సాహిత్య సభలు పెట్టి నడపలేక చేతులెత్తేసినవాణ్ణి నేను. ఒక్క మనిషి కోసం వారాన్ని మార్చుకున్న బల్ల ఎంత గొప్పదో నాకు తెలుసు.

ఈ పుస్తకం చెప్పదలచుకున్నది నాకు అక్కడే అర్థమైంది. పేటలో ఒక చోటికి తినడానికి మనుషులు మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళ్తారు? ఫలానా వేళకు, ఫలానా మూల, మనకోసం ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు గనక. రుచి, అలంకారం, పేరున్న రచయితల పటాలు అన్నీ దాని తర్వాతివే.

1944 అక్టోబరులో టోల్కీన్ తన కొడుకు క్రిస్టఫర్‌కు రాసిన ఉత్తరం సంగతి ఆమె ఎంత చక్కగా వాడుకుందో చూడండి. యుద్ధం రోజులు. బీరు కరువు కాస్త తీరి పబ్బులు మళ్ళీ మనుషులు కూర్చునేలా అయ్యాయి. ఓ మంగళవారం టోల్కీన్ వెళ్ళేసరికి మూల ఒక పొడుగాటి బక్కపలచని కొత్త మనిషి, సగం సైనిక దుస్తుల్లో, పెద్ద టోపీ పెట్టుకుని, వీళ్ళ మాటలు వింటూ కూర్చున్నాడు. అతన్ని చూడగానే తాను అప్పటికి రాస్తున్న కథలో ప్రాన్సింగ్ పోనీ అనే సత్రంలో మూల కూర్చున్న బాటసారి గుర్తొచ్చాడట ఆయనకు. ఆ వచ్చినవాడు రాయ్ క్యాంబెల్ అనే దక్షిణాఫ్రికా కవి. కథలోని సత్రాన్ని టోల్కీన్ ఊహించాడు గానీ, దాని మూల ఎలా ఉంటుందో ఆయన ఒంటికి తెలుసు. ఆ సత్రంలో హాబిట్లనే పొట్టి మనుషులకు వేడి సూప్, కొత్త రొట్టె, వెన్న, జున్ను వడ్డిస్తుంటే చదివేవాడికి ఆకలి వేసేది అందుకే.

మరో మంగళవారం ఉంది. 1945 మే 15. చార్లెస్ విలియమ్స్ జబ్బుపడి దగ్గర్లోని రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో ఉన్నాడు. చదువుకోవడానికి ఒక పుస్తకం ఇద్దామని లూయిస్ వెళ్ళాడు. విలియమ్స్ పోయాడని అక్కడ చెప్పారు. లూయిస్ అక్కణ్ణుంచి నడిచి మిత్రులు కూర్చున్న చోటికే వచ్చాడు. విలియమ్స్ పేర మిత్రులు వేసిన వ్యాససంపుటి 1947లో వచ్చింది, దానికి లూయిస్ రాసిన ముందుమాటలో ఈ సంగతి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలేజీ లైబ్రరీలో నిలబడి దాన్ని చదివాను. ఇన్నేళ్ళకు మళ్ళీ తెలుగులో చదివాను. చావు కబురు మోసుకుని మనిషి ఎక్కడికి వెళ్తాడు? మన ఊళ్ళో అయితే అరుగు దగ్గరికి, రచ్చబండ దగ్గరికి. ఆ రోజు ఆయనకు ఉన్న అరుగు ఆ వెనక గదే.

1962లో ఆ పబ్బును బాగుచేసి, వెనక గదిని మిగతా హాల్లో కలిపేశారు. మాటకు మరుగు పోయింది. మిత్రులు లేచి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న లాంబ్ అండ్ ఫ్లాగ్‌కు వెళ్ళిపోయారు. హోటల్ పెట్టదలచినవాళ్ళు ఈ ఒక్క అధ్యాయమైనా చదవాలి. ఇప్పుడు ఎక్కడ చూసినా పుస్తకాల పేరుతో భోజనశాలలు తెరుస్తున్నారు. అరల నిండా తూకానికి కొన్న పాత పుస్తకాలు పేరుస్తారు, వంటకాలకు నవలల పేర్లు పెడతారు. తప్పనను. కానీ పాట ఎంత గట్టిగా పెట్టాలి, బల్లకూ బల్లకూ ఎంత ఎడం ఉండాలి, తిన్నాక మనిషిని ఎంతసేపు కూర్చోనివ్వాలి, ఇవి తెలియకపోతే ఆ పుస్తకాలు గోడకు వేసిన రంగుతో సమానం.

ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్‌కు ఇదంతా తెలుసు. 1946 ఫిబ్రవరిలో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో తనకు నచ్చిన పబ్బు గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. దాని పేరు మూన్ అండర్ వాటర్. రేడియో ఉండదు, పియానో ఉండదు, మాట్లాడుకోవచ్చు. వడ్డించే ఆడవాళ్ళకు వచ్చేవాళ్ళలో చాలామంది తెలుసు. మేడ మీద సుమారు మూడు షిల్లింగులకు మాంసం, రెండు కూరలు, తీపి దొరుకుతాయి. వెనక తోటలో పిల్లలు ఆడుకుంటారు. అంతా చెప్పి, అలాంటి పబ్బు నిజానికి లేదని చివర ఒప్పుకుంటాడు. అప్పటికి యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు, తిండి మీద రేషన్ ఉంది. అది 1954 దాకా పూర్తిగా తొలగలేదు. అమెరికా నుంచి ఒక వైద్యుడు లూయిస్‌కు పంది తొడ మాంసం పంపితే మిత్రులంతా కలిసి తిని, అందరూ సంతకాలు పెట్టి కృతజ్ఞతలు రాశారు. ఆ కరువులో మూడు షిల్లింగుల భోజనం గురించి రాయడమంటే ఏమిటో రేషన్ షాపు ముందు నిలబడిన నా తరానికి విడమరచి చెప్పక్కర్లేదు.

డబ్లిన్ అధ్యాయం చిన్నదే, కానీ భోజనప్రియులకు పండగ. జేమ్స్ జాయిస్ 1922 నాటి యులిసిస్‌లో కథానాయకుడు బ్లూమ్ ఆకలితో ఒక హోటల్లోకి వెళ్తాడు. అక్కడ మగవాళ్ళు గబగబా కుక్కుకుంటున్న తీరు చూసి కడుపులో తిప్పి వెనక్కి వచ్చేస్తాడు. తర్వాత డేవీ బర్న్ పబ్బులో కూర్చుని గోర్గొన్జోలా జున్ను శాండ్‌విచ్, ఒక గ్లాసు బర్గండీ తీసుకుంటాడు. కథ జరిగిన 1904 జూన్ 16ను తలుచుకుంటూ ఏటా ఆ తేదీన జనం ఆ పబ్బుకే వెళ్ళి ఆ శాండ్‌విచ్చే తింటారు. నవలలోని మనిషి కూర్చున్న పబ్బులో ఆయన తిన్నదే తినడం నాకు తద్దినం భోజనమంత పవిత్రంగా తోచింది. ఈ పోలిక నాది, తప్పుంటే అమ్మాయి మీద వేయకండి.

ఆమె ప్రేమ గుడ్డిది కాదు. ఇంక్లింగ్స్ బల్ల చుట్టూ ఒక్క ఆడమనిషి లేదన్న సంగతి ఆమె దాచలేదు. డొరతీ సేయర్స్ అంతటి రచయిత్రి లూయిస్‌కూ విలియమ్స్‌కూ స్నేహితురాలై ఉండి కూడా ఆ గుంపులో సభ్యురాలు కాలేదు. ఒక తెలుగు అమ్మాయి ఒంటరిగా అదే పబ్బులోకి అడుగుపెట్టి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, వేడి చేపముక్కలూ బంగాళాదుంప వేపుళ్ళూ తిని, ఎవరూ తేరిపార చూడకపోవడం గమనించిన పేజీ ఉంది. దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, ఈ అమ్మాయి పబ్బులో తన చోటు తాను చూసుకుంది. రెండూ ఆడవాళ్ళు గౌరవంగా బతకడానికి చేసినవేనని నాకు అనిపించింది. నా మొదటి రోజు తటపటాయింపు ఆ పేజీ దగ్గర పోయింది.

నాకున్న కొరత ఒకటి చెప్పాలి. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళకు ఆమె రెండు పేజీలే ఇచ్చింది. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్లో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ కూర్చున్న బల్లల కథ అంతలో తీరేది కాదు. పాలరాతి బల్ల, ఉస్మానియా బిస్కట్టు, ఒక్క చాయ్‌తో రెండు గంటలు. మందు లేకుండానే అక్కడ పదిమంది ఇల్లు నడిచింది. దాని మీద వేరే పుస్తకం రాయమ్మా అని ఇక్కడే, అందరి ముందూ అడుగుతున్నాను.

భాష గురించి ఒక్క మాట. పరదేశపు వస్తువుకు మన పేరు ఉంటే పెట్టింది, లేనిచోట వాళ్ళ పేరే ఉంచింది. బలవంతపు అనువాదం ఎక్కడా లేదు.

ఈగిల్ అండ్ చైల్డ్ 2020లో మూతపడింది. 2023లో పరిశోధన సంస్థ అయిన ఎలిసన్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని కొనుక్కుంది. ఎదురుగా ఉన్న లాంబ్ అండ్ ఫ్లాగ్ కూడా 2021లో మూతపడితే, ఆ పేట మనుషులే కొందరు కలిసి పూనుకుని 2022 అక్టోబరులో మళ్ళీ తెరిపించారు. మా అమ్మాయి పుస్తకం ఆ తెరిచిన తలుపు దగ్గర ముగుస్తుంది. 1945 మే 15 గురించిన అధ్యాయం ఏడోది. తొందరలేని మధ్యాహ్నం చూసుకుని, పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని, దాన్ని పైకి చదవండి.